ఆఫీసరు అడిగిన మాట

ఫహాహీల్,
అక్టోబరు.

అక్కా,

ఈ ఉత్తరం చేపల వాసన వేస్తే నన్ను తిట్టొద్దు, అన్వర్ బాషన్నను తిట్టు. మామా అని నువ్వు పిలిచే మీ యజమానురాలి కోసం వారం వారం ఫహాహీల్ చేపల బజారుకు వచ్చే మనిషి మీ ఇంటి డ్రైవరు కాబట్టి సరిపోయింది, లేకపోతే మనిద్దరి మధ్య మాటలే లేవు. నీ ఫోను మామా బీరువాలో పెట్టి తాళం వేసిందని ఆయన చెప్పగానే నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత గదికొచ్చి ఏడ్చాను. పక్కింటి పనమ్మాయి ఎవరో ఫోనులో మాట్లాడుకుని పారిపోతే, తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న నీకెందుకు శిక్ష? శుక్రవారం ఆమె ఫోను చేతికిచ్చే ఆ అరగంటా ఆమె ఎదురుగా నిలబడి నువ్వు "బాగుండా, నువ్వు బాగుండావా" అంటే నాకేం తెలుస్తుంది నీ సంగతి? అందుకే కాగితం పట్టాను. బడిలో నా రాత చూసి కోడి గెలికినట్టుంది అనేదానివి కదా, ఇప్పుడు కూర్చుని అదే చదువుకో.

ఇక్కడ నేను వడ్డించే హోటల్‌కు కొత్త మేనేజరు వచ్చాడు. సూటు, సెంటు, చేతిలో ఎప్పుడూ కాఫీ. మొన్న పొద్దున షట్టరు ఎత్తకముందే అందరినీ నిలబెట్టి హిందీలో ఉపన్యాసం ఇచ్చాడు. ఇకనుంచి బ్యాంకులో సగం జీతమే పడుతుందట. మిగతా సగం మాకు టేబుళ్ళ మీద టిప్పుల రూపంలో ముందే అందుతోందట. కొన్ని పెద్ద దేశాల్లో సర్కారే ఇట్లాంటి రూలు పెట్టింది, టిప్పులు వచ్చేవాళ్ళకు జీతం తగ్గించి ఇవ్వొచ్చు అన్నాడు. మరి ఈ దేశంలో ఆ రూలు ఉందా అని నేను అడిగాను. "నువ్వు లాయరువా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను.

నవ్వనిది బుజ్జిబాబు ఒక్కడే. కోనసీమ మనిషి, నా గదిలోనే ఉంటాడు, వంటింట్లో గిన్నెలు కడుగుతాడు. "నాకు టేబులెక్కడుందండీ? నాకున్నది సింకండీ" అని అడిగాడు. మేనేజరు కాఫీ తాగాడు.

ఊళ్ళో నా పెళ్ళాం రమాదేవి ఇంకా బొప్పాయి తోటకు పోతూనే ఉంది. కాయల పాలు కారి చేతులు పొక్కిపోయాయి, వీడియోలో చూపించమంటే కొంగు కింద దాచుకుంటుంది. ఈ ఏడు పూర్తి జీతం చేతికొస్తే తోటపని మాన్పిస్తానని దానికి మాటిచ్చాను. ఇప్పుడు సగం అంటే ఏం చెప్పను? నువ్వు ఏదో ఒకటి రాయి.

నీ తమ్ముడు,
పెంచల్


సల్వా,
నవంబరు.

ఒరే పెంచలా,

నీ ఉత్తరం చేపల సంచిలోనుంచి తీసి, స్నానాల గదిలో గొళ్ళెం పెట్టుకుని చదివాను. బయట మామా "వెంకటేశ్వరీ, యల్లా", తొందరగా రా అని అరుస్తూనే ఉంది. నా పేరు ఆమె నోట్లో ఎట్లా నలుగుతుందో నీకు తెలుసు కదా, తొమ్మిదేళ్ళయినా ఆ పేరుకు ఆమె నాలుక తిరగదు.

నీకు కోపం వచ్చినా సరే, నా మనసులో మాట చెబుతాను. నోరు మూసుకుని పని చేసుకో. మేనేజరుతో పెట్టుకోవద్దు. నీ ఇఖామా వాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళు ఆ పర్మిట్టు మళ్ళీ కొట్టించకపోతే నువ్వు ఈ దేశంలో ఉండేదానికే లేదు. నువ్వు పోతే ఇక్కడ నాకెవరున్నారు? నేను ఈ మాట ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. ఈ గోడల అవతల, అదే సముద్రం పక్కన ఫహాహీల్‌లో నా తమ్ముడు ఉన్నాడు అనుకుంటేనే నాకు పొద్దున లేవబుద్ధి అవుతుంది.

టిప్పు జీతమా కాదా అని వాదించి ఏం లాభం చెప్పు. ఏ పేరుతో ఇస్తేనేం, ఇస్తున్నారు కదా. ఇక్కడ నాకు మామా ఇచ్చేవాటికి పేర్లే లేవు. ఈద్‌కు డబ్బు ఇస్తుంది. సెంటు సీసా సగం అయ్యాక నాకే ఇస్తుంది. కూతురు కట్టి వదిలేసిన గడియారం ఇచ్చింది, నీకు చూపించాను కదా. నేను అవన్నీ ప్రేమ అనుకుంటాను. అనుకోకపోతే ఎట్లా బతకాలి ఇక్కడ?

నీకు రోజుకు వందమంది దొరలు వస్తారు. ఒకడు పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు. నాకు ఒక్కతే. ఆమె పొద్దున లేచిన వేళను బట్టి నా రోజు ఉంటుంది. నువ్వు అదృష్టవంతుడివే అనుకుంటున్నాను, అది తెలుసుకో.

రమాదేవి చేతులకు కొబ్బరినూనె రాయమను. బొప్పాయి పాలకు అది మంచిది.

మీ అక్క,
వెంకటేశ్వరి


ఫహాహీల్,
డిసెంబరు.

అక్కా,

నీ ఉత్తరం చదివి వారం రోజులు కోపంగా ఉన్నాను. నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను, లేకపోతే నా కోపం వృథా అయిపోతుంది.

మా గదిలో ఇప్పుడు రోజూ ఇదే పంచాయితీ. ప్రసాదన్న ఒక పక్క, నేనూ బుజ్జిబాబూ ఇంకో పక్క. ప్రసాదన్న అంటే నాగేంద్రప్రసాద్, మన కడప మనిషే, హోటల్లో అందరికంటే పాతకాపు. అద్దాల పక్కనుండే ఫ్యామిలీ టేబుళ్ళన్నీ ఆయనవే. నేను కొత్తగా చేరినప్పుడు నన్ను అద్దం ముందు నిలబెట్టి నవ్వడం నేర్పించాడు. పళ్ళు ఎక్కువ కనబడకూడదట, ఎగతాళి అనుకుంటారట. అసలు కనబడకపోయినా కుదరదట, రోగం అనుకుంటారట.

ఆయన వాదన ఇది: "ఏమప్పా, జీతం సరింగ ఇయ్యమని కొట్లాడితే రేపు టిప్పు యాడొస్తాది? వాళ్ళకు మన మింద జాలి ఉండాల. వీళ్ళకు బాగా ఇస్తాండారని తెలిస్తే ఒక్కడన్నా జేబులో చెయ్యి పెడతాడా?"

దానికి బుజ్జిబాబు, "ఆయ్, మీరన్నది బానే ఉందండి ప్రసాద్ గారూ. కానీ గిన్నెలకి జాలుండదు కదండీ" అన్నాడు. ఆ రోజు ప్రసాదన్న కూడా నవ్వేశాడు.

నాకు నవ్వు రాలేదక్కా. నా టేబుళ్ళు వెనక, చేతులు కడుక్కునే చోటు పక్కన. అక్కడికి వచ్చేది ఎవరు? మనలాంటి లేబరోళ్ళు. వాళ్ళు తిన్నదానికి ఇచ్చి, మిగిలిన చిల్లర లెక్కపెట్టుకుని పోతారు. వాళ్ళను తప్పు పట్టను, నేనైనా అంతే చేస్తాను. కానీ ఒకడు పెళ్ళాంతో గొడవపడి వచ్చి మూతి ముడుచుకుని తిని పోతే, నా సగం జీతం పోవాలా? నేను పనిలో పెట్టుకోమని అడిగింది వాణ్ణి కాదు, కంపెనీని. నా చెమటకు ఖరీదు కట్టే పని దారినపోయేవాడి మీద తోసేసి మేనేజరు కాఫీ తాగుతాడు. ఇది ఏ లెక్క?

ఇప్పుడు ఇంకో గోడ కట్టాడు. టిప్పు వచ్చిన వెంటనే కౌంటర్లో చూపించాలి, దాచుకుంటే దొంగతనం కేసు పెడతాను అన్నాడు. మా డబ్బే మేం దొంగిలించడం! ఆ మాట విన్నప్పటినుంచి ఎవరైనా టేబుల్ మీద ఏదైనా పెడితే ముట్టుకునే ముందు కౌంటరు వైపు చూసుకుంటున్నాను.

బుజ్జిబాబు, నేను లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాం. ఈ దేశంలో తక్కువలో తక్కువ ఇంత జీతం ఇవ్వాలని రూలు ఉందట, టిప్పులను అందులో కలపమని ఎక్కడా లేదట. టైపు కొట్టిపెట్టే కొట్లో అసిఫ్ అనే అతను చెప్పాడు, అర్జీ అతనే అరబీలో కొట్టిచ్చాడు. పిలుస్తారు. నన్ను తిట్టడం అయ్యాక, అక్కడ మాట్లాడేదానికి పనికొచ్చే అరబీ నాలుగు ముక్కలు రాసి పంపు. మా హోటల్లో అందరూ హిందీనో మలయాళమో. నా అరబీ అంతా అన్నం, కూర, బిల్లు దగ్గరే ఆగిపోయింది.

పెంచల్


సల్వా,
జనవరి.

నాయనా పెంచలా,

తిట్టను. నా ముందు ఉత్తరంలో రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

డిసెంబరు అంతా ఇంటినిండా చుట్టాలు. మామా చెల్లెలి బిడ్డ నిశ్చితార్థం. నాకు నడుము వాల్చే తీరిక లేదు. నెల చివర జీతం ఇవ్వలేదు. నేను ఎప్పుడూ అడిగే మనిషిని కాదు, నీకు తెలుసు. నీ ఉత్తరం చదివిన ధైర్యమో ఏమో, అడిగాను. మామా కోప్పడలేదు, అదే నాకు భయం వేసింది. సోఫాలో కూర్చోబెట్టింది. నేను ఆ సోఫాలో కూర్చోవడం అదే మొదటిసారి. గడియారం ఇచ్చాను కదా, సెంటు ఇచ్చాను కదా, చలికోటు ఇచ్చాను కదా, ఈద్‌కు డబ్బులిచ్చాను కదా అని ఒక్కొక్కటీ వేళ్ళు మడిచింది. ఆఖరికి "ఖలాస్" అంది. సరిపోయింది అని.

నేను ఇన్నాళ్ళూ ప్రేమ అనుకున్నవి ఆమె లెక్కలో జీతమట. గడియారం తీసి బల్ల మీద పెట్టేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. గదికి వచ్చి ఆ సెంటు సీసాను పాత గుడ్డలో చుట్టి మంచం కిందికి తోసేశాను.

నువ్వు చెప్పింది నిజంరా. పేరు ముఖ్యం. ఏ పేరుతో ఇస్తున్నారో మనం తేల్చుకోకపోతే వాళ్ళు తేల్చుకుంటారు.

పోయి అడుగు. గట్టిగా అడుగు. నేను ఇంట్లో నేర్చుకున్న అరబీ ఇది, ఆఫీసు అరబీ కాదు, అయినా పనికొస్తుంది. జీతం అంటే రాతిబ్. సగం అంటే నుస్. కుదరదు అనడానికి మా యసీర్. టిప్పుకు మా ఇంట్లో బఖ్షీష్ అంటారు. గ్యాసు బండ తెచ్చేవాడు వస్తే "బఖ్షీష్ ఇచ్చి పంపు" అంటుంది మామా. కాబట్టి "నుస్ రాతిబ్, నుస్ బఖ్షీష్, మా యసీర్" అను. పాట మాదిరిగా నాలుగుసార్లు అనుకో, నోరు తిరుగుతుంది.

ఆఫీసరు కళ్ళలోకి చూసి మాట్లాడు. నేల చూపులు చూస్తే మనదే తప్పు అనుకుంటారు. ఉతికిన చొక్కా వేసుకుని పో.

మీ అక్క


ఫహాహీల్,
ఫిబ్రవరి.

అక్కా! అక్కా! అక్కా!

మాట్లాడానక్కా. నీ తమ్ముడు లేబర్ ఆఫీసులో అరబీ మాట్లాడాడు.

మొదటినుంచి చెబుతాను విను. బుజ్జిబాబు, నేను ఉతికిన చొక్కాలు వేసుకుని బస్సులో పోయాం. బుజ్జిబాబు దారంతా ఏ దేవుళ్ళకో మొక్కుతూనే ఉన్నాడు, వాళ్ళ ఊరి పక్క గుళ్ళు అన్నీ అయిపోయాక మా పక్క గుళ్ళ పేర్లు కూడా అడిగాడు. మేనేజరు అక్కడ ముందే ఉన్నాడు, కంపెనీ తరఫు మనిషి ఒకణ్ణి వెంటబెట్టుకుని. ఆఫీసరు మంచివాడే. మాకు కూర్చోమని కుర్చీ చూపించాడు. హిందీ తెలిసిన గుమాస్తా సెలవులో ఉన్నాడు, ఇంకో రోజు వస్తారా అని సైగలతో, రెండు హిందీ ముక్కలతో అడిగాడు. ఇంకో రోజంటే ఇంకో రోజు జీతం కోత. పైగా నీ అరబీ నా నోట్లో సిద్ధంగా ఉంది. "అరబీ మాలూమ్" అన్నాను, ఛాతీ విరుచుకుని. బుజ్జిబాబు నావైపు చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

నేను "నుస్ రాతిబ్" అనగానే ఆఫీసరు తల ఊపి రాసుకున్నాడు. ఇంతలో మేనేజరు మధ్యలో దూరి ఏదో గబగబా చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ వాడి వేలు మాత్రం నా జేబు వైపు చూపిస్తోంది. దొంగతనం కథ ఎత్తాడు అనుకున్నాను. అప్పుడు ఆఫీసరు నన్ను అడిగాడు, రోజూ చేతికి ఫులూస్, అంటే డబ్బు, వస్తోందా అని. అది అర్థమైంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? "నామ్" అన్నాను, అవును అని. అప్పుడు అడిగాడక్కా అసలు మాట. "ఇక్రామియా?" అన్నాడు.

అక్రమమా అని! మన తెలుగు మాటే వీళ్ళ నోట్లో ఉందని నాకేం తెలుసు? హిందీలో, అరబీలో కలిసే మాటలు ఎన్ని లేవు, ఇదీ అట్లాంటిదే. మేనేజరు నా మీద వేసిన నింద అదే అన్నమాట, అక్రమంగా తీసుకుంటున్నాడని. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి "లా, లా! మాఫీ ఇక్రామియా!" అన్నాను, కాదు, అదేం లేదు అని. ఆఫీసరు ఇంకోసారి అడిగాడు. "వల్లా, మాఫీ ఇక్రామియా!" అని ఒట్టు కూడా వేశాను. ఆయన పెన్ను ఆపి నావైపు చాలాసేపు చూశాడు. నా నిజాయితీకి ఆశ్చర్యపోయాడు అనుకుంటాను. తర్వాత రాసి, సంతకం పెట్టించుకున్నాడు. ఆ గొడవలో నువ్వు నేర్పిన బఖ్షీష్ చెప్పడానికి సందే దొరకలేదు. బుజ్జిబాబుది కూడా అదే మాటగా రాసుకున్నారు, ఇద్దరిదీ ఒకే అర్జీ కదా.

మేనేజరు పోతూ పోతూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. భయపడ్డాడు చూడు!

బుజ్జిబాబు బయటికి రాగానే "ఏం మాట్లాడారండీ బాబూ! కలెక్టరు గారిలా మాట్లాడారు" అని నాకు టీ ఇప్పించాడు. ఫలితం పది పదిహేను రోజుల్లో చెబుతారట. రమాదేవికి అప్పుడే చెప్పేశాను, తోట పని ఇంక కొద్ది రోజులే అని.

నీ తమ్ముడు పెంచల్


సల్వా,
ఫిబ్రవరి.

పెంచలా,

ఇది అందగానే పరుగెత్తుకుని లేబర్ ఆఫీసుకు పో. చదవడం తర్వాత, ముందు పో.

నిన్న గ్యాసు బండ తెచ్చినాయన వచ్చాడు. మామా ఎప్పటిమాదిరే "బఖ్షీష్ ఇచ్చి పంపు" అంది. కాలేజీ చదివే ఆమె కూతురు పక్కనే ఉండి తల్లిని కోప్పడింది. బఖ్షీష్ అనకూడదట, అది బిచ్చగాళ్ళకు వేసేదానికి అనే మాటట. పని చేసినవాళ్ళకు మర్యాదగా ఇచ్చేదాన్ని ఇక్రామియా అనాలట. పెద్ద చోట్ల, ఆఫీసుల్లో అందరూ అదే అంటారట. నా చేతిలో డబ్బు అట్లాగే ఉండిపోయింది. గ్యాసు ఆయన చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. ఏ మాట అన్నావమ్మా, ఇంకోసారి చెప్పు అని ఆ పిల్లను అడిగాను. నవ్వుతూ ఇంకోసారి చెప్పింది.

ఇక్రామియా అంటే టిప్పురా. అక్రమం కాదు. ఆఫీసరు నిన్ను అడిగింది, రోజూ చేతికి వచ్చేది టిప్పులేనా అని. ఆయన నీకు దారి చూపించాడు, నువ్వు అవును అంటే చాలు. నువ్వు కాదన్నావు. ఒట్టు వేసి కాదన్నావు. టిప్పు కాకపోతే అది ఏమవుతుంది? కంపెనీ చేతికిచ్చిన జీతం అవుతుంది. అందుకే మేనేజరు నీకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

నేను నీకు ఇంటి మాట నేర్పాను. వాళ్ళ దగ్గర మర్యాద మాట వేరే ఉందని నాకు తెలియదు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు.

ఇంకా ఫలితం రాలేదు కదా. పోయి చెప్పు, మాట తెలియక అన్నాను, అవన్నీ ఇక్రామియానే అని. హిందీ గుమాస్తా వచ్చేదాకా అక్కడే కూర్చో. ఆఫీసరు మంచివాడన్నావు కదా, కాళ్ళు పట్టుకోనైనా పట్టుకో.

బాషన్న రేపు చేపలకు వస్తాడు. పొద్దున్నే ఇస్తాను.

మీ అక్క

పెంచలా, పొద్దున లేచి చూస్తే కారు లేదు. జాతీయ దినం సెలవులని మామా వాళ్ళంతా ఖైరాన్‌లో సముద్రం ఒడ్డునున్న చాలెట్‌కు, వాళ్ళ సెలవుల ఇంటికి పోయారు, బాషన్నను తీసుకుని. నన్ను ఇల్లు కాపలా పెట్టారు. బయట గేటుకు తాళం. ఫోను బీరువాలో. ఈ శుక్రవారం అరగంట కూడా లేదు. ఎదురింటి మనిషిని పిలుద్దామని డాబా ఎక్కి అరిచాను, వాళ్ళూ సెలవులకు పోయినట్టున్నారు. ఈ కాగితం నా దిండు కింద ఉంది. దీన్ని ఏ కాకి చేతికి ఇవ్వను రా?


ఫహాహీల్,
మార్చి.

అక్కా,

నీనుంచి ఉత్తరం లేదు. బాషన్న బజారుకు రావడం మానేశాడు. ఈ రోజు కనబడితే పట్టుకుని, ఆయనను అక్కడే నిలబెట్టి, చేపల కొట్టు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

ఓడిపోయాం. కంపెనీ తరఫు మనిషి హిందీలో చెప్పాడు, కంపెనీది ఏ తప్పూ లేదట. సగం బ్యాంకులో, సగం చేతికి, పూర్తి జీతం అందుతోందని నేనే ఒప్పుకున్నానట. కాగితం చదివి వినిపించారు. అంత అరబీలో నాకు అర్థమైన మాట ఒక్కటే, ఇక్రామియా. అది వచ్చినప్పుడల్లా గదిలో అందరూ నావైపు చూశారు. మళ్ళీ అడుక్కోవడానికి గడువు ఉండేదట, అది నిన్నటితో అయిపోయిందట. మాకు ఆ సంగతి చెప్పినవాడే లేడు.

రంజాను మొదలైంది కాబట్టి పగలంతా హోటల్ మూత. టిప్పు అనే మాటే లేదు. ఆ ఖాళీ టేబుళ్ళే మా సగం జీతం. ప్రసాదన్న కూడా ఇప్పుడు గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు, నవ్వేదానికి ఎదురుగా మనుషులు లేరు. మొన్న నాతో "నువ్వన్నదే నిజం అప్పా, నేను సల్లగ కూసోని సెప్తాంటి" అన్నాడు. ఆయన ఒప్పుకుంటే ఏం, ఒప్పుకోకపోతే ఏం ఇప్పుడు.

నా ఇఖామా ఈ నెలతో అయిపోతుంది. కంపెనీ కొత్తది కొట్టదు. బుజ్జిబాబుకూ అంతే. మమ్మల్ని చూసి మిగతావాళ్ళు నోరు మూసుకున్నారు, వాళ్ళ జీతం కూడా ఇక సగమే అని ఖాయమైపోయింది. టికెట్టు వచ్చే వారానికి తీశారు. నిన్ను ఒకసారి చూడాలని మీ వీధి మొదటి దాకా వచ్చాను, అక్కడి సెక్యూరిటీ అతను ఆపి పొమ్మన్నాడు.

రమాదేవికి ఇంకా చెప్పలేదు. తోట మేస్త్రీకి ఇక రానని చెప్పేసిందట. ఇప్పుడు మళ్ళీ పోయి అతన్ని బతిమాలుకోవాలి.

ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. ఇక్రామియా అంటే అక్రమమే కదా? గదిలో అందరూ చూసిన చూపు చూస్తే నాకు అనుమానం వస్తోంది. ఎవరినైనా అడగాలంటే భయంగా ఉంది. బుజ్జిబాబు నన్ను తప్పు పట్టలేదక్కా. రాత్రి నా కంచంలో ఆమ్లెట్టు సగం వేసి, "మనం నిజమే చెప్పామండి, నిజానికి విలువ లేకపోతే మనమేం చేత్తామండి" అన్నాడు. అతనికి పెళ్ళీడు చెల్లెలు ఉంది, మంచంలో తల్లి ఉంది. ఆ మనిషి తిండి నా నోటి దురుసు వల్ల పోయి ఉంటే నేను అతని పక్క సీట్లో కూర్చుని విమానంలో ఎట్లా పోవాలి? బతికి ఎట్లా ఉండాలి? నీకు అరబీ తెలుసు. నువ్వు ఏది చెబితే అదే నమ్ముతాను.

పెంచల్


సల్వా,
మార్చి.

నాయనా,

చాలెట్ నుంచి వాళ్ళు వచ్చినా ఇఫ్తారు పనుల్లో శుక్రవారం ఫోను ఇవ్వలేదు, బాషన్నను సామాను సర్దేందుకు అక్కడే ఉంచారు. ఈ రోజే ఆయన చేపల బజారు మీదుగా వచ్చి నీ ఉత్తరం నా చేతికి ఇచ్చాడు. వెంటనే రాస్తున్నాను, పిండి చేతులతో రాస్తున్నాను, కాగితం మీద మరకలు పడితే అవి అవే.

నువ్వు అడిగినదానికి జవాబు. ఇక్రామియా అంటే అక్రమమే. నువ్వు సరిగ్గానే విన్నావు, సరిగ్గానే చెప్పావు. నేను మామా కూతుర్ని అడిగి మరీ రాస్తున్నాను, చదువుకున్న పిల్ల, తప్పు చెప్పదు. ఆ రోజు నీ స్థానంలో నేనున్నా అదే మాట అని ఉండేదాన్ని. వాళ్ళు ఓడించాలి అనుకున్నారు, ఓడించారు. నువ్వు ఏం మాట్లాడినా అంతే. బుజ్జిబాబు పక్కన కూర్చుని తల ఎత్తుకుని పో. ఆ అబ్బాయికి నా నమస్కారాలు చెప్పు.

బాషన్న ఈ మాట గురించి ఇంకేదైనా అంటే పట్టించుకోవద్దు. ఆయన అరబీ చేపల బజారు అరబీ. పాంఫ్రెట్‌కు రొయ్యకు తేడా చెబుతాడు, అంతకు మించి తెలియదు. ఊళ్ళో కూడా ఎవరినీ అడగవద్దు. ఇది ఇక్కడి గొడవ, ఇక్కడే వదిలేసి పో.

బాషన్న లేని రోజుల్లో నీకొక ఉత్తరం రాశాను. అందులో పెద్ద సంగతులేం లేవు, పాతబడిపోయింది, అందుకని పంపలేదు.

నా గురించి ఆలోచించవద్దు. నేను బాగానే ఉంటాను. సముద్రం పక్కన ఫహాహీల్ ఉంటుంది, చేపలు వస్తూ ఉంటాయి. నువ్వు ఉండవు, అంతే. ఆ సంగతి నాకు పొద్దున పూట మాత్రం గుర్తొస్తుందిలే.

రంజానులో ఇఫ్తారుకు రోజూ ఇంటినిండా జనం. తెల్లవారుజాము దాకా పని. ఈద్ ఇంకా రాకముందే నిన్న మామా పిలిచి నా చేతిలో కొంత డబ్బు పెట్టింది. ఈ నెల జీతం గురించి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇచ్చేటప్పుడు ఒక మర్యాద మాట అంది, అది నేర్పిన కూతురు పక్కనుండి మెచ్చుకుంటున్నట్టు తల ఊపింది. నేను రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాను.

అది ఈ కవరులోనే పెట్టాను. దారిలో తిండికి కొంత ఉంచుకుని, మిగతాదాంతో రమాదేవి చేతులకు మంచి మందు కొను.

మీ అక్క,
వెంకటేశ్వరి